పిక్క మీద నీలి మెలికలు: కోత లేకుండా చికిత్స

క్యాష్ కౌంటర్‌లో పదకొండేళ్లు పనిచేశాను. సాయంత్రం క్యాష్ టాలీ చేసి లేచేసరికి కాళ్లు బరువెక్కేవి. ఎడమ పిక్క మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బినవి కనిపిస్తున్నా పట్టించుకోలేదు. అందుకు ఒక కారణం ఉంది. ఇదే సమస్యకు మా నాన్నగారికి గజ్జ దగ్గర కోసి, సిరను బయటికి లాగేసే ఆపరేషన్ చేశారు. నెలరోజులు ఆయన పడ్డ బాధ నాకు గుర్తు. ఆ భయంతో వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి, దురద పెట్టి, గోకినచోట పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు. అప్పుడుగానీ వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి వెళ్లలేదు.

మనం ‘నరాలు ఉబ్బాయి’ అంటాం గానీ, ఇవి నరాలు కావు, సిరలు. కాళ్ల నుంచి రక్తాన్ని పైకి, గుండెకు చేర్చడం వీటి పని. నడిచినప్పుడు పిక్క కండరం పంపులా నొక్కితే రక్తం పైకి వెళుతుంది. అది కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు అడ్డుకుంటాయి. కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి, ఒత్తిడికి సిరలు ఉబ్బుతాయి. వంశపారంపర్యం, గర్భధారణ, అధిక బరువు, కదలకుండా గంటల తరబడి నిలబడటం, కూర్చోవడం ఇందుకు దోహదం చేస్తాయి.

మొదట డాప్లర్ స్కాన్ చేశారు. నొప్పి ఉండదు. ఏ సిరలో రక్తం వెనక్కి జారుతోందో, లోపలి పెద్ద సిరలు బాగున్నాయో లేదో అందులో తెలుస్తుంది. ఆ తర్వాత డాక్టరు మూడు మార్గాలు వివరించారు.

లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీ: సూది రంధ్రం గుండా సిరలోకి సన్నని గొట్టం పంపి, చుట్టూ మత్తుమందు ఇచ్చి, లోపలి నుంచి వేడితో సిరను మూసేస్తారు.

ఫోమ్ స్క్లెరోథెరపీ: మందును నురుగులా చేసి ఇంజెక్షన్ ఇస్తారు. సిర గోడలు అతుక్కుపోతాయి. ఒక్కోసారి మళ్లీ చేయాల్సి రావచ్చు.

గ్లూ: వైద్యానికి వాడే ప్రత్యేకమైన జిగురుతో సిరను మూస్తారు. వేడి ఉండదు కాబట్టి మత్తు సూదులు తక్కువ. కొందరికి అలర్జీ రావచ్చు.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల ప్రకారం ముందు వేడి పద్ధతి, అది కుదరకపోతే ఫోమ్, అదీ కుదరకపోతేనే కోత ఆపరేషన్.

“సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుంది డాక్టరుగారూ?” అని అడిగాను. “కాలి రక్తంలో ఎక్కువ భాగం లోపలి సిరల గుండానే వెళుతుంది. పనిచేయని కౌంటర్ మూసి, క్యూని పక్క కౌంటర్‌కు పంపినట్టే” అన్నారు. నా భయం సగం అక్కడే తీరింది.

నాకు రేడియో ఫ్రీక్వెన్సీ చేశారు. గంటలోపే అయిపోయింది. అదేరోజు నడిచి ఇంటికి వచ్చాను. బిగుతు మేజోళ్లు వేసుకోమన్నారు, రోజూ నడవమన్నారు. తొడ మీద కమిలిన మచ్చలు, తాడు లాగినట్టు బిగుతు కొన్ని వారాలు ఉన్నాయి. నాలుగో రోజు డ్యూటీలో చేరాను. పుండు మానడానికి మాత్రం మరో రెండు నెలలు పట్టింది. ముందే వెళ్లి ఉంటే ఆ పుండే పడేది కాదేమో!

ఇది అందరికీ ఒకేలా సరిపడదు. లోపలి సిరలు మూసుకుపోయినవారికి కుదరకపోవచ్చు. గర్భిణులకు సాధారణంగా కాన్పు అయ్యేవరకు ఆగమంటారు. అరుదుగా రక్తం గడ్డకట్టడం, చర్మం తిమ్మిరెక్కడం ఉంటాయి. కొన్నేళ్లకు వేరే సిరలు ఉబ్బనూవచ్చు. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బిన సిర నుంచి రక్తం కారితే పడుకుని, కాలు పైకెత్తి, గట్టిగా నొక్కి పట్టి, వైద్యసాయం పొందాలి.

మిత్రులారా, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడించండి. చీలమండ దగ్గర చర్మం రంగు మారితే మాత్రం నాలా దాచుకోకండి.