సీసాలో దాచిన ఆహారం దీవెనగా ఉండాలంటే



మన అమరచింత చుట్టుపక్కల టమాట పండించే రైతుల కష్టం మీకు తెలియనిది కాదు. ధర పడిపోయినప్పుడు కోసిన కూలి కూడా రాదని పంటను చేలోనే వదిలేస్తారు. రెండు మూడు నెలలు తిరిగేసరికి అదే టమాట కొనలేక తల్లులు చింతపండు చారుతో సరిపెడతారు. ఎండాకాలంలో మామిడిపండ్లు సైతం ఇలాగే పాడైపోతుంటాయి. ఈ పండ్లను, కూరగాయలను గాజు సీసాలలో నింపి ఏడాదంతా దాచుకోవచ్చా అని కొందరు అక్కలు అడుగుతున్నారు. సెల్‌ఫోన్లలో అలాంటి వీడియోలు చూసి ఇంట్లో చేయబోయేవారు కూడా ఉన్నారు. అందుచేత ఈ సంచికలో క్యానింగ్ గురించి వివరంగా తెలుసుకుందాం.

క్యానింగ్ అంటే ఏమిటి?

ఆహారాన్ని సీసాలో నింపి, మూత పెట్టి, ఆ సీసాను తగినంత వేడిలో తగినంత సేపు ఉంచడమే క్యానింగ్. వేడికి లోపలి క్రిములు చస్తాయి. చల్లారినప్పుడు మూత బిగుసుకుపోయి బయటి గాలి లోపలికి పోకుండా చేస్తుంది. ఫ్రాన్సు దేశంలో మిఠాయిలు చేసే నికోలా అప్పేర్ అనే ఆయన ఈ పద్ధతిని కనిపెట్టి, 1810లో ప్రభుత్వం నుండి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. ఆహారం ఎందుకు పాడవకుండా ఉంటుందో ఆయనకే తెలియదు. కంటికి కనబడని క్రిములే ఆహారాన్ని పాడుచేస్తాయని 1860 ప్రాంతంలో లూయీ పాశ్చర్ పరిశోధనలు చూపించాక గాని ఆ సంగతి అర్థం కాలేదు.

మిషన్ సేవలో ఈ పని

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో చాలా సంఘాలు మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ సేవ వలన ఏర్పడినవే. ఆ మిషన్ తరఫున డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ గారు 1907లో మన దేశానికి వచ్చి, 1945లో ప్రభువునందు నిద్రించేవరకు నాగర్‌కర్నూలు, షంషాబాదులలో వైద్యసేవ చేశారు. అమెరికాలోని మెన్నొనైట్ సంఘాలలో సీసాలు నింపడం స్త్రీల ఇంటిపని మాత్రమే కాదు, పరిచర్య కూడా. రెండవ ప్రపంచ యుద్ధంలో తాము ఆయుధం పట్టబోమని చెప్పిన యువకులను ప్రభుత్వం సేవా శిబిరాలలో పనికి పెట్టింది. సంఘ స్త్రీలు తమ తోటల పండ్లు, కూరగాయలు సీసాలలో నింపి ఆ శిబిరాలకు పంపేవారు. 1920లో ఏర్పడిన మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ 1946 నుండి బండి మీద కదిలే క్యానింగ్ యంత్రాన్ని ఊరూరా తిప్పింది. అక్కడి విశ్వాసులు ఒకచోట చేరి మాంసం డబ్బాలలో నింపితే, దాన్ని ఆకలితో ఉన్న దేశాలకు పంపేవారు.

ఒక పూట అన్నం పెట్టడం మంచిదే. అన్నం దాచుకునే విద్య నేర్పితే అది ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. అయితే ఆ యంత్రం వెనుక శాస్త్రం ఉంది, లెక్కగట్టిన సమయం ఉంది, తనిఖీ ఉంది. అవి లేకుండా సీసా నింపడం మాత్రమే నేర్చుకుంటే ఏం జరుగుతుందో చూడండి.

ఒక ప్రేమవిందులో జరిగిన కీడు

2015 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లాంకాస్టర్ పట్టణంలో ఒక చర్చిలో ప్రేమవిందు జరిగింది. మన దగ్గరలాగే ఎవరి ఇంటి వంట వారు తెచ్చి అందరితో పంచుకున్నారు. ఆ తరువాత 29 మందికి బొట్యులిజం అనే జబ్బు వచ్చింది. ఒకరు చనిపోయారు. విచారించగా కారణం ఆలుగడ్డ సలాడ్ అని తేలింది. అందులోని ఆలుగడ్డలు ఇంట్లో సీసాలలో దాచినవి. వాటిని ప్రెషర్ క్యానర్‌లో పెట్టవలసి ఉండగా, ఉత్త మరిగే నీళ్లలో పెట్టారు. తెచ్చినవారిది ప్రేమే గాని, పద్ధతి తప్పు.

మరిగించినా క్రిమి ఎందుకు చావలేదు?

బొట్యులిజం కలిగించే క్రిమి మట్టిలో ఉంటుంది. దాని బీజాలకు గట్టి పెంకులాంటి రక్షణ ఉంటుంది. 100 డిగ్రీల వేడిలో నీళ్లు మరిగినా ఆ బీజాలు చావవు. వాటిని చంపాలంటే ఆవిరి ఒత్తిడితో సుమారు 116 నుండి 121 డిగ్రీల వేడి రావాలి. మూత బిగించిన సీసాలో గాలి ఉండదు. గాలి లేని చోటే ఈ క్రిమి పెరిగి విషం తయారు చేస్తుంది. ఆ విషానికి ఒక్కోసారి వాసన, రుచి, రంగు ఏవీ తేడా ఉండవు.

పులుపు ఎక్కువగా ఉన్నచోట మాత్రం ఈ క్రిమి పెరగలేదు. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 4.6 అనేది హద్దు. అంకె అంతకంటే తక్కువైతే పులుపు చాలినంత ఉన్నట్టు. అలాంటి ఆహారానికి మరిగే నీళ్ల పద్ధతి సరిపోతుంది. అంకె అంతకంటే ఎక్కువైతే ప్రెషర్ క్యానర్ తప్పనిసరి.

మన ఇంటి కుక్కర్ పనికి రాదా?

రాదు. మన కుక్కర్ చిన్నది, తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది. దానిలో సీసాలు ఎంతసేపు ఉంచాలో పరీక్షించి నిర్ణయించిన లెక్కలు లేవు. విజిళ్లు లెక్కపెట్టి క్యానింగ్ చేయకూడదు.

ఇంట్లో సీసాలలో దాచకూడనివి

చిక్కుడు, బెండ, ఆలుగడ్డ, క్యారెట్, మొక్కజొన్న, పుట్టగొడుగులు, పప్పులు, మాంసం, చేపలు, పాలు. మన పాలమూరు సీతాఫలం గుజ్జు, బొప్పాయి గుజ్జు కూడా ఈ కోవలోనివే. తియ్యటి పండ్లు గనుక పరవాలేదనుకోవద్దు, వాటిలో పులుపు చాలదు. ఉత్త నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని బయట నిలవ ఉంచకూడదు. అల్లం వెల్లుల్లి ముద్దను ఫ్రిజ్‌లోనే ఉంచండి.

టమాట సీసాలలో దాచే పద్ధతి

టమాట పులుపు సరిగ్గా హద్దు దగ్గర ఉంటుంది. బాగా మాగినవాటిలో ఇంకా తగ్గుతుంది. అందుకే పులుపు కలపక తప్పదు.

1. క్యానింగ్ కోసమే తయారైన గాజు సీసాలు, కొత్త మూతలు తీసుకోండి. కాఫీ పొడి, హార్లిక్స్ సీసాలు వేడికి పగలవచ్చు, మూతలు బిగుసుకోవు. సరైన సీసాలు దొరకకపోతే ఈ పని చేయవద్దు.

2. చెడిపోని, గట్టి టమాటలను కడిగి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, తొక్క తీయండి. చిదిమి, కలుపుతూ 5 నిమిషాలు మరగనివ్వండి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, నూనె కలపవద్దు. అవి కలిపితే ఈ లెక్క పనిచేయదు.

3. అర లీటరు సీసాకు పావు టీ చెంచా నిమ్మ ఉప్పు వేయండి. నిమ్మకాయల పులుపు కాయకు కాయకు మారుతుంది గనుక పిండిన రసం మీద ఆధారపడవద్దు.

4. వేడి టమాటను నింపి, పైన అర అంగుళం ఖాళీ ఉంచండి. సీసా అంచు తుడిచి మూత పెట్టండి.

5. పెద్ద గంజులో అడుగున బట్ట పరచి సీసాలు నిలబెట్టండి. మూతల పైన ఒక అంగుళం నీళ్లు ఉండాలి. నీళ్లు బాగా మసలడం మొదలైనప్పటి నుండి 40 నిమిషాలు లెక్కపెట్టండి. మన ప్రాంతం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి గనుక తీర ప్రాంతం కంటే 5 నిమిషాలు ఎక్కువ కావాలి.

6. తీసి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. మూత మధ్యలో లోపలికి గుంటపడి ఉండాలి. వేలితో నొక్కినప్పుడు పైకి లేస్తే అది బిగుసుకోలేదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజులలో వాడేయండి.

7. సీసా మీద తేదీ రాసి, ఏడాదిలోపు వాడండి. మూత ఉబ్బినా, కారినా, తెరవగానే నురగ వచ్చినా రుచి చూడకుండా పారవేయండి. పశువులకు, కోళ్లకు కూడా వేయవద్దు.

సీసాలు లేనివారి మాటేమిటి?

దిగులు పడనక్కరలేదు. మన అమ్మమ్మలకు ఈ విద్య వేరే రూపంలో తెలుసు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, నిమ్మకాయ ఊరగాయలలో పులుపు, ఉప్పు కలిసి క్రిమిని అణచివేస్తాయి. ఒరుగులలో తడి లేకపోవడమే రక్షణ. టమాటలను ముక్కలుగా కోసి, ఉప్పు రాసి, పలుచని బట్ట కప్పి, కరకరలాడేదాకా ఎండబెడితే ఏ సీసా యంత్రమూ అక్కరలేదు. తొక్కులో తడి చెంచా పెట్టవద్దు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. బీపీ ఉన్నవారు తొక్కును, షుగరు ఉన్నవారు జామును కొద్దిగానే వాడాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు

కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, నోరు ఎండిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, తరువాత మెడ, చేతులు, కాళ్లు చచ్చుబడటం. సాధారణంగా తిన్న 12 నుండి 36 గంటలలో మొదలవుతాయి. కొన్నిసార్లు చాలా రోజుల తరువాత కూడా రావచ్చు. జ్వరం ఉండకపోవచ్చు, తెలివి బాగానే ఉంటుంది. గాలి తీసుకోవడం కష్టమైతే ప్రాణాపాయం. నాటు మందులతో కాలం గడపకుండా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. తిన్న ఆహారం ఏమిటో డాక్టరు గారికి చెప్పండి. విషానికి విరుగుడు మందు ఉంది, అది తొందరగా ఇస్తేనే మేలు.

మరొక మాట. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఊళ్లలో ఉంది. తేనెలో ఈ బీజాలు ఉండవచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వకూడదు.

సంఘాలలో నేర్పేవారికి

మహిళా కూటాలలో ఈ పని నేర్పదలిస్తే, దాచకూడనివాటి జాబితాను మొదట నేర్పండి. వంట తరువాత నేర్పవచ్చు. గడియారం, కొలత చెంచా లేకుండా మొదలుపెట్టవద్దు. అమ్మకానికి చేసేవారు ఆహార భద్రతా శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి.

ఐగుప్తులో యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల ధాన్యాన్ని దాచి, కరువులో అనేకుల ప్రాణాలు నిలబెట్టాడు. మనం దాచే ఒక్క సీసా కూడా అలాగే ఒక ఇంటిని పోషించాలి గాని, ఆ ఇంటిలో ఎవరినీ మంచాన పడవేయకూడదు. ఈ పత్రికను చదివి పక్కన పెట్టక, చదవడం రాని పొరుగింటి అక్కకు చదివి వినిపించండి. దేవుడు మీ ఇంటి భోజనపు బల్లను దీవించును గాక.