ర్యాప్‌కు మార్కులెవరు వేయాలి?

బటన్లతో మొదలైన ర్యాప్ వీడియో గేమ్‌లు మైకు దాకా వచ్చాయి. పుదుచ్చేరి లాంటి చోట పనికి రావాలంటే మాత్రం వాటికి కొత్త చెవులు కావాలి

ఒకే కేంద్రపాలిత ప్రాంతం, నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు. పుదుచ్చేరి పట్టణంలోనైతే వీధి పలకల మీద ఇప్పటికీ ఫ్రెంచి కనిపిస్తుంది. ఇక్కడి కుర్రకారంతా ఆడుకునేలా ఒక ర్యాప్ వీడియో గేమ్ తయారు చేయాలంటే? బొమ్మలు గీయడం, బీట్లు కట్టడం పెద్ద పనేమీ కాదు. చిక్కంతా ఆడినవాడికి మార్కులు వేయడంలోనే ఉంది.

ఈ చిక్కు ఆ తరహా ఆటల పుట్టుకతోనే మొదలైంది. జపాన్ సంగీతకారుడు మసాయా మత్సురా 1996లో ప్లేస్టేషన్ కోసం ‘పరాపా ది రాపర్’ను రూపొందించారు. కాగితం బొమ్మలాంటి కుక్కపిల్ల గురువు పాడిన ముక్కను తిరిగి పాడాలి. ఆటగాడి పని తాళం ప్రకారం బటన్లు నొక్కడమే. అయితే గురువు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పినవాడికి దక్కేది ‘గుడ్’ మాత్రమే. తాళం తప్పకుండా సొంత విరుపులు వేసినవాడే ‘కూల్’ అనిపించుకుంటాడు. హిప్ హాప్ ప్రాణాన్ని పట్టుకున్న నియమం ఇది. తర్వాత వచ్చిన చాలా ఆటలు దీన్ని మర్చిపోవడమే విచిత్రం.

2010లో వచ్చిన ‘డెఫ్ జామ్ రాప్‌స్టార్’ బటన్లు తీసేసి మైకు అందించింది. తెర మీది సాహిత్యాన్ని చదువుతూ పాడితే ఆట లెక్క కట్టేది. ఒక రకంగా అది కరావోకే. సొంత కవిత్వం కట్టేవాళ్లు దాన్ని వీడియో తీసి పంచుకోవాల్సిందే. యంత్రం తాళాన్ని కొలవగలిగింది కానీ మాటలోని చమత్కారాన్ని తోటి ఆటగాళ్లకే వదిలేసింది.

మన భాషల దగ్గరకొస్తే తాళం కొలత కూడా అంత తేలిక కాదు. ఇంగ్లీషు ర్యాప్‌లో ఒత్తి పలికే అక్షరం డ్రమ్ము దెబ్బ మీద పడాలి. తెలుగులో లెక్క మాత్రలది: లఘువుకు ఒకటి, గురువుకు రెండు. బీటులో ఇరికించడానికి ‘కాలం’ను కుదిస్తే ‘కలం’ అవుతుంది. తాళం చూసే యంత్రం మార్కులు వేస్తుంది, వినేవాడికి మాత్రం అర్థం మారిపోతుంది. ప్రాసదీ అదే తంతు. ర్యాప్‌లో ప్రాస ఎక్కువగా పాదం చివర వినిపిస్తుంది, తెలుగు పద్యంలో పాదానికి రెండో అక్షరంలో కూర్చుంటుంది. పదాల తోకలను మాత్రమే పోల్చే ఆట యానాం కుర్రాడి సగం ప్రతిభను వినదు.

ఇందుకు ఓ దారి కర్ణాటక కచేరీల్లోనే ఉంది. నోటితో లయ పలికే కొన్నక్కోల్‌లో తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే అయిదు. అర్థంతో పనిలేని ఈ సొల్లులు తమిళుడికీ, తెలుగువాడికీ, మలయాళీకీ ఒక్కటే. మొదటి మెట్లలో వీటితో లయ నేర్పి, ఆ తర్వాత మాటల్లోకి దింపవచ్చు.

దాంతో చిక్కులన్నీ తీరవు. నిమిషానికి 90 బీట్ల పాటలో బీటులో నాలుగో వంతు 167 మిల్లీసెకన్లే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో శబ్దం 150 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఆటగాడు దాదాపు ఒక అక్షరం వెనకబడతాడు. ఆ తేడాను ముందే కొలిచి సరిచేసే తెర లేకపోతే తప్పు ఫోన్‌ది, తిట్లు ఆటగాడికి.

ఇక డబ్బు సంగతి. హిప్ హాప్ పాటకు రచయితలు ఎక్కువ, పాత పాటల నుంచి తీసుకున్న ముక్కలూ ఎక్కువ. ఒక్కరి అనుమతి లేకపోయినా కోర్టు మెట్లెక్కాల్సిందే. ‘రాప్‌స్టార్’ రూపకర్తల మీద ఈఎంఐ 2012లో దావా వేసింది. అదే ఏడాది భారత కాపీరైట్ చట్టాన్ని సవరించి, గీత రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలో వాటాను వదులుకోవడానికి వీల్లేని హక్కుగా మార్చారు. చట్టం ఉన్నంత మాత్రాన చేతికి డబ్బు అందుతుందా అన్నది వేరే ప్రశ్న. 2021లో మారుమోగిన ‘ఎంజాయ్ ఎంజామీ’ నుంచి తమకు ఒక్క రూపాయీ రాలేదని స్వరకర్త సంతోష్ నారాయణన్ 2024లో బహిరంగంగానే చెప్పారు.

అందుకే పుదుచ్చేరిలో ఎవరైనా ఇలాంటి ఆటకు పూనుకుంటే సినిమా పాటల వెంట పడకపోవడమే మేలు. స్థానిక ర్యాపర్లతో కొత్త పాటలు రాయించుకుని, ఎన్నిసార్లు ఆడితే ఎంత ముడుతుందో ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం కూడా తమిళంలో, తెలుగులో, మలయాళంలో ఉండాలి.