సైలెన్సరు చెప్పు సాక్ష్యము

మాక్లూరు నుండి నిజామాబాదునకు పోవు బాటపై తెల్లవారినది మొదలు బండ్ల రాకపోకలకు విరామము లేదు. పాలక్యానులు కట్టిన మోటారుసైకిళ్ళు, పిల్లలతో క్రిక్కిరిసిన ఆటోలు, పసుపు బస్తాలు నింపిన వ్యానులు, బడులకు పోవు ఉపాధ్యాయుల వాహనములు ఒకదాని వెంట నొకటి సాగుచుండును. ఆర్.సి., ఇన్సూరెన్సు, లైసెన్సులతో పాటు మరియొక కాగితమును ఈ బండ్లవారు దగ్గర నుంచుకొనవలెను. జనులు దానిని ‘పొల్యూషను’ అని మాత్రమే వ్యవహరింతురు. ‘పొల్యూషను ఉన్నదా?’ అని త్రోవలో నిలిపిన పోలీసు అడుగును. ‘ఉన్నది సార్’ అని బండివాడు ధైర్యముగా బదులు చెప్పును. కాలుష్యము కలదని చెప్పి నిర్దోషిగా బయటపడు చోటు లోకమున నిదియొక్కటే కాబోలు!

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 115వ నియమము ఈ కాగితమునకు మూలము. రిజిస్ట్రేషనై యేడాది నిండిన పెట్రోలు, డీజిలు బండ్లకు పొగ పరీక్ష జరుగవలెను. పాత బండ్లకు 6 నెలల కొకమారు. భారత్ స్టేజి 4, ఆపై ప్రమాణములతో తయారైన వానికి ఏడాది కొకమారు. 2019లో చట్టమును సవరించిన పిమ్మట, దీనిని ఉల్లంఘించిన వానికి 10,000 రూపాయల వరకు జరిమానాయో, 3 నెలల వరకు జైలో, రెండునో పడవచ్చును.

ఒక ఉపాధ్యాయునియొద్ద 25 ఏండ్లు దాటిన, కార్బురేటరు గల చిన్న కారున్నదనుకొందము. దాని నంబరు ప్లేటుపై ఇంకను ‘ఏపీ 25’ అనియే యుండును. పట్టణములో పెట్రోలు బంకు ప్రక్కననో, వ్యానులోనో నడచు పరీక్షా కేంద్రమునకు అతడు పోవును. ఇంజను వేడిగా నుండగా, ఆక్సిలరేటరు త్రొక్కక, బండి నిలిచిన చోటనే ఇంజనును నడువనిచ్చి, సైలెన్సరులోనికి ఒక గొట్టమును దూర్తురు. గొట్టము పీల్చిన వాయువు యంత్రములో పరారుణ కిరణముల కడ్డముగా పోవును. కార్బన్ మోనాక్సైడు కొన్ని కిరణములను మ్రింగును; హైడ్రోకార్బనులు మరికొన్నింటిని మ్రింగును. ఆవలికి చేరిన కిరణమెంత తగ్గినదో కొలిచినచో వాయువెంత కలదో తేలును. ఉన్నత పాఠశాల సైన్సు మాస్టరు పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూపదగిన ప్రయోగమిది.

కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ఆక్సిజనుకంటె 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. ఆటో వెనుక నిలిచి బస్సుకై ఎదురుచూచు బాలునకు ఆ సంగతి తెలియదు.

పై చెప్పిన పాత కారునకు ఈ వాయువు 3 శాతము వరకు చెల్లును. భారత్ స్టేజి 4 కారునకైనచో 0.3 శాతమే హద్దు. పాతదానిపై ఇంత దయయేల యని విద్యార్థి యడుగవచ్చును. బండి ఏ కాలపు యంత్రముతో పుట్టినదో ఆ కాలపు తూనికరాతితోనే దానిని తూచుట పద్ధతి. ఆ దయయు చాలక పాత కారు తప్పుటకు కారణములు చాల సామాన్యమైనవి: దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, మసి పట్టిన స్పార్కు ప్లగ్గు, తప్పిన కార్బురేటరు మర. గాలి తగ్గి పెట్రోలెక్కువైనచో కార్బను సగము కాలి మోనాక్సైడుగా మిగులును. చేయి తిరిగిన మెకానిక్కు దీనిని త్వరలోనే సరిచేయగలడు. చిక్కంతయు ఆ పిమ్మటనే. పరీక్షకొరకు మర త్రిప్పించి, ఇల్లు చేరగనే మరల మునుపటివలె త్రిప్పుకొనువారు కలరు. వారి కాగితము మంచిదే. గాలి మాత్రము పాత గాలియే. గొట్టము పెట్టకయే కాగితము వ్రాసియిచ్చు కేంద్రములను గూర్చియు దేశమున ఫిర్యాదులు కొత్తవి కావు. 2025లో ఢిల్లీ శాసనసభ ముందుంచిన కాగ్ నివేదిక, హద్దు మీరిన వాయువులు వదలిన లక్షకు పైగా బండ్లకు అచ్చట సర్టిఫికెట్లు ముట్టినట్లు తేల్చినది.

సైలెన్సరును సాక్షిగా నిలువబెట్టిన మొదటివారిలో ఆరీ హాగెన్-స్మిట్ ఒకడు. కాలిఫోర్నియాలో అనాసపండు పరిమళమునకు మూలద్రవ్యములేవో వెదకుచుండిన ఈ రసాయన శాస్త్రజ్ఞుడు, 1950 ప్రాంతమున లాస్ ఏంజెలెస్ నగరముపై క్రమ్ముకొను పొగవైపు దృష్టి మరల్చెను. హైడ్రోకార్బనులును, నైట్రోజన్ ఆక్సైడులును ఎండలో కలిసి ఓజోనును పుట్టించుచున్నవని అతడు చూపెను. ఆ జంటలో నైట్రోజన్ ఆక్సైడులను మన పొగ పరీక్ష నేటికిని కొలువదు. ఊపిరితిత్తుల లోతులకు పోవు సన్నని కణములను సైతము నేరుగా కొలువదు. డీజిలు బండ్లకు పొగ చిక్కదనమును మాత్రము చూతురు. బంకు ప్రక్క పుచ్చుకొన్న కాగితమునకు ఇంతకు మించిన అర్థము చెప్పరాదు.

ఈ ప్రాంతమున ఈ కథకు చెరకు వాసన కూడ అంటియున్నది. పెట్రోలులో ఆల్కహాలు కలుపుటకై 1948లోనే భారత పవర్ ఆల్కహాల్ చట్టము వచ్చెను. చెరకు, ధాన్యముల నుండి తీసిన ఇథనాలును 20 శాతము కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతట బంకులకు చేరినది. ఒకప్పుడు ఆసియాలో పెద్దదని పేరొందిన బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము అప్పటికి పదేండ్ల క్రిందటనే, 2015 డిసెంబరులో, మూతపడినది. ఇథనాలు తనతో ఆక్సిజనును మోసుకొని వచ్చును గనుక పాత కార్బురేటరు బండిలో మోనాక్సైడు కొంత తగ్గును. అయితే ఆ కాలపు రబ్బరు గొట్టములకు అది పడదు. అందుచేత పాత కారువాడు పొగ పరీక్షకు బయలుదేరుటకు ముందు బానెట్టు ఎత్తి, పెట్రోలు పైపులు పగిలినవేమో ఒక్కమారు తడిమి చూచుకొనవలెను.