అడుగు లేదన్న చెరువుకు 102 అడుగులు

బోస్టన్‌కు పడమరగా ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, కాంకర్డ్ ఊరి చివర వాల్డెన్ చెరువు ఉంది. ఇందులోకి పారే వాగు లేదు, బయటికి పోయే కాలువా లేదు. మంచుయుగంలో మిగిలిపోయిన పెద్ద హిమఖండం కరిగి ఏర్పడిన గుంట ఇది. ఊటనీరే దీనికి ఆధారం. దీనికి అడుగే లేదని అప్పట్లో జనం చెప్పుకునేవారు. 1846 మొదట్లో చెరువు గడ్డకట్టి ఉండగా రచయిత హెన్రీ డేవిడ్ థోరో మంచుకు కన్నాలు పెట్టి, చేపలు పట్టే తాడుకు రాయి కట్టి, వందకు పైగా చోట్ల లోతు చూశాడు. అడుగున ఆనిన రాయిని లాగబోతే, దాని కిందికి నీరు చేరేదాకా తాడు బరువుగా వస్తుంది. ఆ బరువును చేత్తోనే పోల్చుకున్నాడు. అన్నిటికన్నా లోతైన చోట 102 అడుగులు తేలింది. తర్వాతి కాలపు కొలతలు కూడా ఇంచుమించు అంతే చెప్పాయి!

అమెరికా అతీంద్రియవాదాన్ని పరిచయం చేసుకోవడానికి ఈ తాడును మించినది లేదనిపిస్తుంది. నలుగురూ చెప్పారని నమ్మడం కాదు, ఎవరికి వారు ప్రకృతిలోనూ అంతరాత్మలోనూ సత్యం వెతుక్కోవాలన్నదే ఈ వాదానికి ఆద్యుడైన ఎమర్సన్ 1836లో రాసిన ‘నేచర్’ పుస్తకం సారం. థోరో 1845 జులై 4న ఈ చెరువు దగ్గర కాపురం పెట్టిన గుడిసె స్థలం కూడా ఎమర్సన్‌దే. గుడిసె పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. ఆ అర సెంటునూ వదలకుండా లెక్క రాసుకున్నాడు. అతీంద్రియవాదుల బృందం పత్రిక ‘ది డయల్’కు తొలి సంపాదకురాలు మార్గరెట్ ఫుల్లర్. స్త్రీల హక్కులపై 1845లో ఆమె తెచ్చిన పుస్తకానికి రావలసినంత పేరు మన దగ్గర ఇంకా రాలేదు.

థోరో ఇక్కడ భగవద్గీతను ఇంగ్లీషులో చదివాడు. మన దేశంతో ఈ చోటికి ఇంకో ముడి మంచు. 1846–47 చలికాలంలో కూలీలొచ్చి ఈ చెరువు మంచును దిమ్మలుగా కోశారు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అప్పటికే ఈ ప్రాంతపు మంచును ఓడల్లో మద్రాసు దాకా పంపుతున్నాడు. ఆ మంచు దాచిన ఐస్‌హౌస్ అక్కడి మెరీనా ఒడ్డున నేటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే.

గుడిసె ఇప్పుడు లేదు. పొయ్యిగూడు పునాది 1945లో బయటపడటంతో ఆ చోట రాతి స్తంభాలు నాటారు. థోరో రాతబల్ల కాంకర్డ్ మ్యూజియంలో ఉంది. అదే ఊళ్లోని ఆర్చర్డ్ హౌస్‌లో లూయిసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ నవల రాసిన అర్ధచంద్రాకారపు బల్లను చూడొచ్చు. తండ్రి ఆమె కోసం కిటికీల మధ్య గోడకు బిగించింది అది. బోస్టన్ నార్త్ స్టేషన్‌లో ఫిచ్‌బర్గ్ లైను రైలెక్కితే కాంకర్డ్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి చెరువుకు రెండున్నర కిలోమీటర్ల నడక. వేసవిలో కారులో వెళ్లేవారు పొద్దున్నే చేరుకోవాలి. పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు.