కబురు చేస్తామన్నారు

ఇంటర్వ్యూ కోసం మా అమ్మాయిని వెంటబెట్టుకొని విజయవాడలో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ముందురోజే సికింద్రాబాద్ చేరాం. ఉదయం 11 గంటలకు రమ్మన్నవారు మధ్యాహ్నం 3 గంటలకు పిలిచారు. పది నిమిషాలు మాట్లాడి, "రెండు రోజుల్లో కబురు చేస్తాం" అన్నారు.

ఆ మాట నమ్మి, మా వీధి బడిలో దొరికిన టీచరు ఉద్యోగానికి ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మూడు వారాలు గడిచాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "సారు మీటింగులో ఉన్నారు" అన్నదే జవాబు. ఈలోగా బడివారు మరొకరిని తీసుకున్నారు. "లేదు" అన్న ఒక్క మాట సకాలంలో అందితే మా బిడ్డకు ఈ నష్టం జరిగేది కాదు.

అయితే ప్రియ పాఠకులారా, మా దుకాణంలో పని అడిగిన కుర్రవానికి "చూసి చెబుతాం" అని మేమూ నెల దాటించాం! ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఖాళీ లేదని చెప్పాం. "చెప్పారు, అదే చాలండి. రేపు వేరేచోట అడుగుతాను" అన్నాడతడు.