ప్రాజెక్టులో అడుగుపెట్టే ప్రోగ్రామరుకు తోడుండే పుస్తకాలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నేడు మన కుటుంబాలకు కొత్త విషయం కాదు. అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగు ముగించి, అమీర్‌పేటలోనో మరో చోటనో ఒక కోర్సు నేర్చుకుని, ఉద్యోగంలో చేరడం ఎన్నో ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆ కోర్సుల కోసం తల్లిదండ్రులు తమ శక్తికి మించి ఖర్చు చేస్తారు. అయితే అక్కడ నేర్పేది సాధారణంగా ఒక ప్రోగ్రామింగ్ భాష, లేదా ఒక సాధనం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ఇతరులు రాసిన వేలాది వరుసల కోడును ఎలా అర్థం చేసుకోవాలి? ఈ పని ఎన్ని రోజుల్లో అవుతుందని మేనేజరు అడిగితే ఏమని చెప్పాలి? గడువు ముంచుకొస్తుంటే ఏం చేయాలి?

ఈ ప్రశ్నలను లోతుగా పరిశీలించిన మంచి పుస్తకాలున్నాయి. వాటిలో ఒకటి వెలువడి ఐదు దశాబ్దాలు గడిచింది. ఈలోగా ప్రోగ్రామింగ్ భాషలు ఎన్నో వచ్చాయి, కొన్ని మరుగునపడ్డాయి. అయినా ఈ పుస్తకాలు పాతబడలేదు. కారణమేమిటంటే, ఇవి యంత్రం గురించి చెప్పే దానికంటే కలిసి పనిచేసే మనుషుల గురించి, ఒకరు రాసినది మరొకరు చదవవలసి రావడం గురించి ఎక్కువగా చెబుతాయి. అటువంటి ఏడు పుస్తకాలను, ప్రాజెక్టులో అవి అక్కరకు వచ్చే సందర్భాలను బట్టి, ఇక్కడ పరిచయం చేస్తున్నాం.

గడువును అంచనా వేసేటప్పుడు

1960ల దశకంలో ఐబీఎం సంస్థ తన సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించింది. ఆ పని అనుకున్న సమయానికి పూర్తి కాలేదు. ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ తన అనుభవాన్ని 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకంగా ప్రచురించారు. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్త మనుషులను చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందన్నది ఆయన ప్రతిపాదించిన ప్రసిద్ధ సూత్రం.

దీనికి ఆయన చూపిన కారణాలు స్పష్టమైనవి. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చవుతుంది. పైగా, మనుషులు పెరిగేకొద్దీ వారి మధ్య సంప్రదింపులు అంతకంటే వేగంగా పెరుగుతాయి. ఐదుగురున్న బృందంలో ఇద్దరిద్దరిగా చూస్తే 10 జతలు ఏర్పడతాయి. పదిమంది ఉంటే 45, ఇరవై మంది ఉంటే 190. ఆయన చెప్పిన మరో లెక్క కూడా గుర్తుంచుకోదగినది. మొత్తం కాలంలో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు కోడు రాయడానికి, మిగిలిన సగం పరీక్షలకు కేటాయించాలని ఆయన సూచించారు. కోడు రాయడం పూర్తయితే పని పూర్తయినట్లేనని భావించి మేనేజరుకు మాట ఇచ్చే యువ ఇంజనీరు ఈ ఒక్క లెక్కనైనా ముందుగా తెలుసుకోవాలి.

కోడు రాసేటప్పుడు

స్టీవ్ మెక్‌కానెల్ రచించిన 'కోడ్ కంప్లీట్' 1993లో తొలిసారి వెలువడింది. 2004లో రెండవ కూర్పు వచ్చింది. తొమ్మిది వందల పుటలకు మించిన ఈ గ్రంథాన్ని చూసి బెదరనవసరం లేదు. దీనిని ఆసాంతం ఏకబిగిన చదవనక్కరలేదు. చలరాశులకు అర్థవంతమైన పేర్లు పెట్టడం, ఒక్కో ఫంక్షనుకు ఒక్కో పనినే అప్పగించడం, బయటి నుంచి వచ్చే సమాచారాన్ని సరిచూసుకోవడం వంటి అంశాలకు విడివిడి అధ్యాయాలున్నాయి. అవసరమైన అధ్యాయాన్ని తెరిచి, మరునాడే ఆచరణలో పెట్టవచ్చు.

ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ కలిసి రాసిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' 1999 నాటిది. ఇది చిన్నది, చదవడానికి హాయిగా ఉంటుంది. ఏ విషయమైనా ప్రోగ్రాములో ఒకే చోట ఉండాలన్నది ఇందులోని ప్రధాన బోధ. ఉదాహరణకు, జీఎస్టీ శాతాన్ని ఐదు చోట్ల రాశామనుకుందాం. రేపు ఆ శాతం మారితే నాలుగు చోట్ల సవరించి, ఐదవది మరచిపోవడానికి ఎంతో సేపు పట్టదు. దుకాణదారుడు ఇచ్చే బిల్లు తప్పవుతుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి రోజులు పడుతుంది.

పాత కోడును చేతబట్టినప్పుడు

కళాశాలలో ప్రతి ప్రోగ్రామునూ మొదటి నుంచి రాస్తాం. ఉద్యోగంలో ఆ అవకాశం అరుదు. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడును సవరించడమే చాలామందికి తొలి బాధ్యత అవుతుంది. మైకేల్ ఫెదర్స్ 2004లో వెలువరించిన 'వర్కింగ్ ఎఫెక్టివ్లీ విత్ లెగసీ కోడ్' సరిగ్గా ఈ స్థితికి ఉద్దేశించినది. పరీక్షలు లేని కోడును ఆయన 'లెగసీ కోడు'గా నిర్వచించారు. అది నిన్న రాసినదైనా సరే. మార్పు చేయడానికి ముందు, ఆ కోడు ప్రస్తుతం ఎలా ప్రవర్తిస్తున్నదో నమోదు చేసే పరీక్షలు రాసుకోవాలని ఆయన నేర్పుతారు. అప్పుడు మన చేతిమీదుగా ఏదైనా చెడితే వెంటనే తెలుస్తుంది.

దీనికి జంటగా చదవదగినది మార్టిన్ ఫౌలర్ రచించిన 'రీఫ్యాక్టరింగ్'. బయటికి కనిపించే ప్రవర్తన మారకుండా లోపలి అమరికను చక్కదిద్దడం ఎలాగో ఇది చిన్న చిన్న అంచెలుగా చూపిస్తుంది. 1999 నాటి తొలి కూర్పులో ఉదాహరణలు జావాలో ఉన్నాయి. 2018 నాటి రెండవ కూర్పులో జావాస్క్రిప్ట్‌లో ఉన్నాయి. భాష మారినా పద్ధతి మారలేదన్న సంగతి ఇక్కడ గమనించదగినది.

బృందం అలసిపోయినప్పుడు

టామ్ డిమార్కో, టిమతీ లిస్టర్ 1987లో ప్రచురించిన 'పీపుల్‌వేర్' గ్రంథాన్ని ప్రోగ్రామర్లతో పాటు వారి కుటుంబసభ్యులు కూడా తెలుసుకోవలసి ఉంది. ప్రాజెక్టులు విఫలం కావడానికి సాంకేతిక కారణాలకంటే మానవ సంబంధాలే ఎక్కువ కారణమవుతాయని వీరి అభిప్రాయం. రోజుల తరబడి అదనపు గంటలు పనిచేయించడం వల్ల లాభం నిలవదని, పని నాణ్యత తగ్గి, చివరికి సమర్థులు సంస్థను వీడిపోతారని వీరు వివరిస్తారు. ఏకాగ్రత చెదిరిన వ్యక్తి తిరిగి పనిలో లీనం కావడానికి పావుగంట లేదా అంతకుమించి పడుతుందని కూడా చెబుతారు.

ఇంటినుంచి పనిచేసే కుమారుణ్ణి, కోడలిని చిన్న చిన్న పనులకు మాటిమాటికీ పిలిచే ఇళ్ళలో ఈ సంగతి ఆలోచించదగినది. అలాగే, అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చోవడమే శ్రద్ధకు నిదర్శనమని పెద్దలు భావించరాదు. ఆ వేళ రాసిన కోడును మరునాడు ఉదయం సరిదిద్దుకోవలసి రావడం పరిపాటి.

తప్పు ప్రాణాల మీదికి వచ్చినప్పుడు

1985-87 సంవత్సరాల మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన మోతాదులో కిరణాలను ప్రసరింపజేసింది. వారిలో కొందరు మరణించారు. అంతకు ముందరి నమూనాలలో ప్రమాదాన్ని అడ్డుకునే విడి పరికరాలు ఉండేవి. ఈ యంత్రంలో వాటిని తొలగించి, ఆ బాధ్యతను సాఫ్ట్‌వేర్‌పై ఉంచారు. ఆపరేటరు తెరపై వివరాలను వేగంగా సవరించినప్పుడు బయటపడే ఒక లోపం ఆ సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉంది.

ఈ ప్రమాదాలను సవిస్తరంగా పరిశోధించిన నాన్సీ లెవెసన్ 1995లో వెలువరించిన 'సేఫ్‌వేర్'లో ఆ వివరాలను పొందుపరిచారు. దొరికిన ఒక్క లోపాన్ని సవరించి యంత్రం సురక్షితమని ప్రకటించడం ఎంత ప్రమాదకరమో ఆ వృత్తాంతం వల్ల తెలుస్తుంది. ఆసుపత్రి, బ్యాంకు, రైల్వే వంటి చోట్ల నడిచే ప్రోగ్రాముల మీద పనిచేసేవారు ఈ ఒక్క అధ్యాయమైనా చదివి తీరాలి.

చదివే విధానం

ఇవన్నీ ఆంగ్లంలో రాసినవి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదట కష్టమనిపించవచ్చు. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు కలిసి వారానికి ఒక అధ్యాయం చదివి, తెలుగులో చర్చించుకుంటే ఆ కష్టం తీరుతుంది. ప్రతి అధ్యాయం నుంచి ఒక్క పద్ధతినైనా ఆ వారమే తమ ప్రాజెక్టులో అమలు చేసి చూడాలి. కొనుగోలు భారమైతే, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటలపై అమ్మే పాత పుస్తకాలలో వెతకవచ్చు.

డొనాల్డ్ నూత్ 1968 నుంచి వెలువరిస్తున్న 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' సంపుటాలను మొదటే చేపట్టవద్దని మా సలహా. అవి గణితపరంగా కఠినమైనవి, తీరికగా చదవవలసినవి. అయితే 'అల్గారిథమ్' అనే మాట తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన ముహమ్మద్ ఇబ్నె మూసా అల్-ఖ్వారిజ్మీ పేరునుంచి పుట్టిందని మొదటి సంపుటం ఆరంభంలోనే నూత్ వివరించారు. ఆ కొన్ని పుటలను మన పిల్లలకు నేడే చూపవచ్చు.

ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు అడగగానే కోడు రాసి ఇస్తున్నాయి. ఇక ఈ చదువెందుకని కొందరు అడుగుతున్నారు. ఆ కోడు సరైనదో కాదో తేల్చవలసినవాడు, అది చెడితే జవాబు చెప్పవలసినవాడు మనిషే. అందుకు చదివి బేరీజు వేసే నేర్పు మునుపటికంటే ఎక్కువగా కావాలి.

ఏడింటిలో మొదట ఏది కొనాలని అడిగేవారికి మా సూచన ఇది. ఇంకా ఉద్యోగంలో చేరనివారు 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్'తో ఆరంభించాలి. ఇప్పటికే పాత కోడు మధ్య చిక్కుకున్నవారు ఫెదర్స్ పుస్తకాన్ని తెరవాలి. బృందాన్ని నడిపే బాధ్యత మీదపడినవారు, తదుపరి గడువుకు ఒప్పుకునే ముందే, బ్రూక్స్‌ను చదవాలి.