ద్వైపాక్షిక విమాన సేవల ఒప్పందం

ఒక దేశపు విమాన సంస్థలు మరొక దేశానికి ప్రయాణికులను, సరుకులను, తపాలాను క్రమం తప్పకుండా చేరవేయడానికి ఆ రెండు ప్రభుత్వాలు చేసుకొనే ఒడంబడికను ద్వైపాక్షిక విమాన సేవల ఒప్పందం అంటారు. బహిరంగ సముద్రంలో నౌకలకున్న స్వేచ్ఛ దేశాల గగనతలంలో విమానాలకు లేదు. విమానం, విమానాశ్రయం, ప్రయాణికులు అన్నీ సిద్ధంగా ఉన్నా ఒప్పందం లేనిదే సాధారణంగా సేవలు ప్రారంభం కావు.

నేపథ్యం

1944 డిసెంబరు 7న చికాగోలో 52 దేశాలు అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికపై సంతకాలు చేశాయి. తన భూభాగంపై గల గగనతలంలో ప్రతి దేశానికీ సంపూర్ణ సార్వభౌమాధికారం కలదని దీని మొదటి అధికరణం పేర్కొంటున్నది. ప్రత్యేక అనుమతి లేనిదే విదేశీ సంస్థలు నియమిత సేవలు నడుపరాదని ఆరవ అధికరణం నిర్దేశిస్తున్నది. అయితే మార్గాలు, ఛార్జీల విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. అమెరికా స్వేచ్ఛా పోటీని కోరగా, బ్రిటన్ నియంత్రణను కోరింది. ఈ రెండు దేశాలు 1946లో బెర్ముడాలో కుదుర్చుకొన్న రాజీ ఒప్పందం తరువాతి వాటికి నమూనా అయినది.

గగన స్వేచ్ఛలు

ఒప్పందాలలో ఇచ్చిపుచ్చుకొనే హక్కులను గగన స్వేచ్ఛలు అంటారు. వీటిలో ముఖ్యమైనవి:

1. ఒక దేశం మీదుగా దిగకుండా ఎగిరిపోవడం.
2. ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకు మాత్రమే దిగడం.
3. స్వదేశం నుండి ప్రయాణికులను విదేశానికి చేర్చడం.
4. విదేశం నుండి ప్రయాణికులను స్వదేశానికి తీసుకొనిరావడం.
5. స్వదేశంలో మొదలయ్యే లేదా ముగిసే సర్వీసులో, రెండు పరాయి దేశాల మధ్య ప్రయాణికులను చేరవేయడం.

హైదరాబాదు నుండి దుబాయి మీదుగా అమెరికా వెళ్ళేవారిని దుబాయి విమాన సంస్థ చేరవేయడం మూడవ, నాలుగవ స్వేచ్ఛల కలయిక. దీనిని ఆరవ స్వేచ్ఛ అంటారు.

ఒప్పందంలోని అంశాలు

ఏ నగరాలకు రావచ్చును, వారానికి ఎన్ని సర్వీసులు లేదా సీట్లు, ఏ సంస్థలకు అర్హత కలదు, ఛార్జీల ఆమోదం ఎట్లు అన్నవి ఇందులో ఉంటాయి. కొన్ని ఒప్పందాలలో సర్వీసుల సంఖ్యపై పరిమితి ఉండదు. వీటిని ఓపెన్ స్కైస్ ఒప్పందాలు అంటారు.

భారతదేశంలో

భారతదేశం 2005లో అమెరికాతో ఓపెన్ స్కైస్ ఒప్పందం చేసుకొన్నది. ఒక విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా లభించినంత మాత్రాన విదేశీ సంస్థలు అక్కడికి సేవలు నడుపలేవు. నగరాలను పరిమితం చేసిన ఒప్పందమైతే ఆ నగరం పేరు జాబితాలో ఉండవలెను. సీట్లు పెంచితే ఛార్జీలు తగ్గి ప్రయాణికులకు మేలు కలుగుతుందని ఒక వాదన. పెంచితే దూరప్రయాణికులు విదేశీ కేంద్రాల మీదుగా తరలిపోయి, భారతీయ సంస్థల సుదూర సేవలు దెబ్బతింటాయని మరొక వాదన.